ఏ చేపకు ఏ ఎర?



నల్లగొండ, పాలమూరు జిల్లాల నేల మెట్ట నేల. కృష్ణా నది ఉంది. మూసీ ఉంది. డిండి వాగు ఉంది. అయినా చాలా ఊర్లకు దిక్కు చెరువే. లేకుంటే కుంట. వానలు పడితే నిండుతాయి. ఎండలు ముదిరితే అడుగంటుతాయి.

అందుకే మన చెరువుల్లో చేప పెరిగే కాలం తక్కువ. వానాకాలంలో చేప పిల్లలను వదలాలి. ఎండాకాలంలో నీళ్ళు పూర్తిగా తగ్గకముందే పట్టుకోవాలి. మధ్యలో ఉండేది ఎనిమిది తొమ్మిది నెలలు. 2016లో తెలంగాణ ప్రభుత్వం చెరువులకు ఉచితంగా చేప పిల్లలను ఇచ్చే పథకం మొదలుపెట్టింది. అప్పటి నుంచి చిన్న కుంటల్లో కూడా చేపలు వదలడం పెరిగింది.

పిల్లలను వదిలిన కుంటలో గాలం వేయడం వేరు. వాగులో గాలం వేయడం వేరు. వాగులో ఏది పడితే అది మనది. కుంటలో అట్లా కాదు. ఏ చేపను పట్టాలి, ఏ చేపను వదలాలి అని ముందే అనుకోవాలి. అనుకున్న చేప పడాలంటే ఎర తెలిసి పెట్టాలి.

"రోజూ ఎర్రలు గుచ్చి గాలమేస్తున్నం. పరకలే పడ్తున్నయి. బొచ్చె ఒక్కటి పడ్తలేదు. ఎందుకు?" అని ఆడవాళ్ళు అడుగుతుంటారు.

జవాబు చేప నోటిలోనే ఉంది.

నోరు చూడండి

ఈసారి అంగడికి పోయినప్పుడు చేపల నోళ్ళు చూడండి.

బొచ్చె తల పెద్దది. నోరు పెద్దది. కింది దవడ పైకి లేచి ఉంటుంది. అంటే అది పై నీటిలో తింటుంది. నీళ్ళలో తేలే కంటికి కనపడని సన్నటి జీవులు దాని తిండి. వాటిని నీటితో పాటు మింగి, మొప్పలతో జల్లెడ పట్టినట్టు పట్టుకుంటుంది. అట్లాంటి చేప ఎర్రను ఎందుకు కొరుకుతుంది?

రవ్వ నోరు చిన్నది. కొంచెం కిందికి ఉంటుంది. పెదవులకు కుచ్చుల్లాగా అంచు ఉంటుంది. నడిమి నీటిలో తిరుగుతుంది. నాచు, మెత్తబడిన ఆకులు గీరి తింటుంది. దీన్నే రోహు అని, శీలావతి అని కూడా అంటారు.

మ్రిగాల, బంగారుతీగ అడుగున తింటాయి. బంగారుతీగకు నోటి పక్కన చిన్న మీసాలు ఉంటాయి. మూతిని ముందుకు సాచి బురదను తవ్వుతుంది. నీళ్ళు లోతు లేని చోట బుడగలు లేచి, నీళ్ళు మురికిగా కనపడితే అక్కడ బంగారుతీగ మేస్తూ ఉండవచ్చు.

కొర్రమీను నోరు తెరిచి చూడండి. పళ్ళు ఉంటాయి. వాలుగకు కూడా ఉంటాయి. ఇవి వేటాడే చేపలు. చిన్న చేపలు, కప్పలు, పురుగులు వీటి తిండి.

ఇప్పుడు ఎర సంగతి తెలిసిపోయింది కదా. పైన తినే దానికి పైన, అడుగున తినే దానికి అడుగున. పిండి తినే దానికి పిండి. ప్రాణమున్న దాన్ని తినే దానికి కదిలే ఎర.

పిండి ఎర

రవ్వకు, బొచ్చెకు పిండి ఎరే మంచిది. దీనికి కావలసినవన్నీ ఇంట్లో ఉంటాయి. తవుడు రెండు గుప్పిళ్ళు, పల్లిచెక్క పొడి ఒక గుప్పెడు, గోధుమపిండి ఒక గుప్పెడు. పల్లిచెక్కను పొయ్యి మీద కొంచెం వేయించండి. కమ్మటి వాసన రావాలి. చేప వాసన పట్టే వస్తుంది. కొంచెం బెల్లం నీళ్ళు చల్లి, రొట్టె పిండి లాగా గట్టిగా పిసకండి. జొన్నపిండి ఒక్కటే వాడితే విరిగిపోతుంది. దానికి జిగురు తక్కువ. జొన్నరొట్టె చేసే చేతులకు ఈ సంగతి చెప్పే పని లేదు.

ఎర సరిగా కుదిరిందో లేదో చూసుకోవచ్చు. గ్లాసులో నీళ్ళు పోసి చిక్కుడు గింజంత ఉండ వేయండి. ఒకటి నుంచి వంద దాకా లెక్కపెట్టండి. వంద కాకముందే కరిగితే గోధుమపిండి ఇంకొంచెం కలపండి. వంద దాటినా రాయిలాగా ఉంటే తవుడు కలపండి. మెల్లగా పొరలు పొరలుగా విడిపోతుంటే ఎర కుదిరినట్టు. ఆ పొడి నీళ్ళలో పరుచుకుంటుంది. చేపలు పొడి వెంట వచ్చి ఉండ దగ్గరికి చేరుతాయి.

బొచ్చె కోసం అయితే తవుడు ఎక్కువ వేయండి. ఉండ తేలికగా, తొందరగా పొడిపొడి కావాలి. బెండును గాలానికి దగ్గరగా కట్టండి. అప్పుడు ఎర పై నీటిలోనే వేలాడుతుంది. జొన్న బెండు అయితే తేలిక. చేప మెల్లగా లాగినా తెలుస్తుంది.

బంగారుతీగకు, మ్రిగాలకు ఎర అడుగున పడాలి. చిన్న సీసపు గుండు కట్టండి. ఉడికించిన మక్క గింజలు రెండు మూడు గుచ్చినా పడుతుంది. ఎర్రలు కూడా పనిచేస్తాయి. కానీ ఎర్రకు పరకలు, జెల్లలు ముందు వస్తాయి. అందుకే ఎర్రలు గుచ్చిన వాళ్ళకు పరకలే పడుతున్నాయి.

ఒక జాగ్రత్త. ఎర చల్లితే చేపలు వస్తాయని కొందరు తట్టలకొద్దీ తవుడు పోస్తారు. చెరువులో అది చెల్లుతుందేమో. కుంటలో చెల్లదు. చేపలు తినని తవుడు అడుగున కుళ్ళుతుంది. కుళ్ళేటప్పుడు నీటిలోని ప్రాణవాయువును వాడుకుంటుంది. చేపలకు గాలి తక్కువ అవుతుంది. తెల్లవారు జామున చేపలు గుంపుగా మీదికి వచ్చి, నోరు తెరిచి గుటకలు వేస్తుంటే అది ఆకలి కాదు. ఊపిరాడని బాధ. ఆ రోజు గాలం వేయవద్దు. ఏ మేతా వేయవద్దు. వీలైతే బోరు నీళ్ళు పైనుంచి ధారగా పడేటట్లు వదలండి. సంఘం వాళ్ళకు వెంటనే చెప్పండి. ఆలస్యం చేస్తే ఏడాది కష్టం ఒక్క పూటలో పోతుంది.

కొర్రమీను సంగతి

కొర్రమీనును కొర్రమట్ట అని కూడా అంటారు. ఇది తెలంగాణ రాష్ట్ర చేప. అంగట్లో రవ్వ కంటే, బొచ్చె కంటే దీని ధర చాలా ఎక్కువ. ముళ్ళు తక్కువ, రుచి ఎక్కువ. నీళ్ళు తగ్గినా తొందరగా చావదు. మొప్పలతోనే కాకుండా, నీటి మీదికి వచ్చి గాలి కూడా పీలుస్తుంది.

కానీ కుంటలో వదిలిన చేప పిల్లలను తినేది కూడా ఇదే. 1000 పిల్లలను లెక్కపెట్టి వదిలితే, పట్టేటప్పుడు అన్ని ఉండవు. పోయిన వాటిలో కొన్ని కొర్రమీను, వాలుగ కడుపులోకి పోయినవే. చిన్న పిల్లలకు ఆపద ఎక్కువ. నీళ్ళు ఎండని చెరువులలో 80 నుంచి 100 మిల్లీమీటర్ల పొడవున్న పిల్లలను వదలడానికి ఇది ఒక కారణం. అంటే మన వేలంత పొడవు. వేలంత పిల్ల కొంతవరకు తప్పించుకోగలదు.

మరి కొర్రమీనును ఎప్పుడు పట్టాలి? ఎండాకాలం చివర, నీళ్ళు తగ్గినప్పుడు, కొత్త పిల్లలను వదలకముందు పట్టాలి. అప్పుడు రెండు లాభాలు. మంచి ధర వస్తుంది. కొత్త పిల్లలకు ఆపద తగ్గుతుంది.

వానలు పడ్డాక మాత్రం ఆగాలి. అది కొర్రమీను గుడ్లు పెట్టే కాలం. తుంగ, గడ్డి మధ్య గూడు చేసుకుంటుంది. గుడ్లు పగిలాక పిల్లలు ఎర్రగా, గుంపుగా నీటి మీద తిరుగుతాయి. దూరం నుంచి చూస్తే కుంకుమ చల్లినట్టు ఉంటుంది. వాటి కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. గుంపు దగ్గరికి ఏది వచ్చినా ఎగబడి కరుస్తాయి. పిల్లల మీది ప్రేమతో కరుస్తాయి, ఆకలితో కాదు.

ఈ సంగతి తెలిసిన వాళ్ళు సరిగ్గా ఆ ఎర్ర గుంపు మీదనే గాలం వేస్తారు. వెంటనే పడుతుంది. వేసిన వాళ్ళు సంబరపడతారు. కాపలా పోయిన పిల్లలను పరకలు, పక్షులు, పాములు తినేస్తాయి. ఒక్క చేప కోసం వందల పిల్లలు పోయినట్టు. నా మాట అడిగితే ఇది వేట కాదు, దొంగతనం.

కొర్రమీనుకు వెనకటి నుంచి వాడే ఎర బతికి ఉన్న చిన్న కప్ప. కప్ప పొలంలో పురుగులను తింటుంది. మన దేశం 1987లో కప్ప కాళ్ళను విదేశాలకు అమ్మడం ఆపింది. కప్పలు తగ్గితే పంటకు నష్టమని అప్పటికే తెలిసింది. ఇప్పుడు రబ్బరు కప్పలు దొరుకుతున్నాయి. ముల్లు దాని వీపుకు ఆనుకుని ఉంటుంది. గడ్డి మీద లాగినా చిక్కుకోదు. ఆకుల మీద ఆపి ఆపి లాగితే కొర్రమీను నిజం కప్ప అనుకుని ఎగిరి పట్టుకుంటుంది. ఒకసారి కొంటే చాలా రోజులు వస్తుంది. బతికిన కప్ప కంటే ఇదే నయం.

ఇట్లాంటి ఉత్తుత్తి ఎరలు వేరే చోట్ల చాలా వాడతారు. కాశ్మీరులో, హిమాచల్‌లో, నీలగిరి కొండల్లో ట్రౌట్ అనే చేప ఉంది. ఇంగ్లీషు వాళ్ళ కాలంలో బయటి దేశం నుంచి తెచ్చి వదిలారు. దానికి చల్లటి నీళ్ళు కావాలి. మన ఎండలకు బతకదు. దాని కోసం ఈకలతో, దారంతో ఈగ బొమ్మ చేసి గాలానికి కడతారు. మెరిసే రేకు ముక్క కూడా కడతారు. చిన్న చేప ఈదుతున్నదని ట్రౌట్ మోసపోతుంది. అక్కడా లెక్క ఒక్కటే. చేప ఏమి తింటుందో దాని బొమ్మే ఎర.

ఇవి మరవకండి

కుంట గుత్త ఎవరిదో తెలుసుకోండి. సంఘాన్ని అడగకుండా గాలం వేయవద్దు.

వేరే చెరువులోని బతికిన చేపలను ఎరగా తేవద్దు. వాటితో రోగాలు వస్తాయి. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ లాంటి చేపలు కూడా వస్తాయి. అది అన్ని చేపలనూ తింటుంది. దాని పెంపకాన్ని మన దేశంలో 2000లో నిషేధించారు.

నీళ్ళలో మందు కలపడం, తూటా పేల్చడం నేరం. 1897లో చేసిన చట్టంలోనే ఈ మాట ఉంది.

అర కిలో కూడా లేని రవ్వ, బొచ్చె పడితే తడి చేతులతో పట్టుకుని, ముల్లు తీసి నీళ్ళలో వదలండి. పొడి చేతులతో పట్టుకుంటే దాని ఒంటి మీది జిగురు పోతుంది. జిగురు పోతే రోగం పడుతుంది.

తెగిన నైలాన్ దారం గట్టు మీద వేయవద్దు. కొంగల కాళ్ళకు చుట్టుకుంటుంది. వేలికి గాలం దిగితే ధనుర్వాతం సూది వేయించుకోండి.

రాయండి

మీ నోటుపుస్తకంలో నాలుగు గళ్ళు గీయండి. తేదీ, ఎర, పడిన చేప, బరువు అని పైన రాయండి. గాలం వేసిన ప్రతిసారీ నింపండి. రవ్వ బరువు నెల నెలా పెరుగుతున్నదా? పెరగకపోతే మేత చాలడం లేదేమో. ఆ పుస్తకాన్ని సంఘం మీటింగుకు తీసుకపోయి చూపండి.

మాట్లాడుకోండి

1. మీ ఊరి కుంటలో ఏ ఏ చేపలు ఉన్నాయి? వాటిలో పైన తినేవి ఏవి? అడుగున తినేవి ఏవి?

2. 1000 పిల్లలను వదిలేటప్పుడు బొచ్చె 4 వంతులు, రవ్వ 3 వంతులు, మ్రిగాల 3 వంతులు వేస్తారు. ఒక్కొక్కటి ఎన్ని? ఒకే రకం ఎందుకు వేయరు?

3. మీ కుంటలో ఎర్ర పిల్లల గుంపు కనపడితే, గాలం పట్టుకున్న పిల్లగాళ్ళకు ఏమని చెబుతారు?