దోహాలో రాసిన కోడ్ ఎవరిది? (మేనల్లుడికి లేఖ)

ప్రోగ్రామ్ రాసిన క్షణంలోనే దానిపై కాపీరైట్ పుడుతుంది. అందుకు నమోదు అక్కర్లేదు, రుసుము అక్కర్లేదు. 1886లో పుస్తకాలనూ చిత్రాలనూ దృష్టిలో పెట్టుకుని కుదిరిన బెర్న్ ఒప్పందం పెట్టిన నియమం ఇది. ఖతార్ అందులో 2000లో చేరింది. 2002లో వచ్చిన 7వ నంబరు చట్టం కంప్యూటర్ ప్రోగ్రాములనూ రచనలుగానే కాపాడుతోంది. రచయిత జీవించినంత కాలం, ఆపైన 50 ఏళ్లు ఆ రక్షణ ఉంటుంది. భారత చట్టంలో అది 60 ఏళ్లు. కాబట్టి అల్లుడూ, ఎవరో నడుపుతున్న ప్రాజెక్టుకు పంపిన చిన్న ప్యాచ్ కూడా, సొంతంగా ఆలోచించి రాసినదైతే, చట్టం దృష్టిలో రచనే. రక్షణ మాత్రం రాసిన రూపానికే. అందులోని ఆలోచనను మరొకరు తమ మాటల్లో రాసుకోవచ్చు.

ఓపెన్ సోర్స్ అంటే హక్కులు వదిలేసుకున్న కోడ్ అనే అపోహ ఇంజనీర్లలోనూ బలంగా ఉంది. నిజం దీనికి పూర్తిగా విరుద్ధం. హక్కు రచయిత దగ్గర ఉండబట్టే లైసెన్సులోని షరతులకు విలువ. అమెరికాలో బొమ్మ రైళ్లను నడిపే ఒక ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మీద జాకబ్సన్, కట్జర్‌ల మధ్య దావా నడిచింది. ఉచితంగా పంచిన కోడే అయినా, రచయితల పేర్లు తీసేసి వాడుకుంటే అది కాపీరైట్ ఉల్లంఘన కాగలదని 2008లో ఫెడరల్ సర్క్యూట్ కోర్టు తేల్చింది.

ఈ విషయం నేర్చుకోవడానికి దోహాలోనే చక్కని ఉదాహరణ ఉంది. 2010లో ఏర్పడిన ఖతార్ కంప్యూటింగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఇప్పుడు హమద్ బిన్ ఖలీఫా విశ్వవిద్యాలయంలో భాగం. అక్కడి పరిశోధకులు, జర్మనీలోని హాసో ప్లాట్నర్ ఇన్‌స్టిట్యూట్ వారితో కలిసి, రీమ్ అనే వ్యవస్థను తయారుచేశారు. అరబ్బీలో రీమ్ అంటే ఎడారి లేడి. ఒకే డేటా పనిని స్పార్క్, ఫ్లింక్, పోస్ట్‌గ్రెస్ వంటి వేర్వేరు వేదికల్లో దేనికి ఏది తగునో చూసి పంచిపెట్టడం దాని పని. 2020 డిసెంబరులో అది అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఇంక్యుబేటర్‌లోకి వెళ్లింది. పేరు వాయాంగ్‌గా మారింది. వాయాంగ్ అంటే జావా ద్వీపపు తోలుబొమ్మలాట.

బయట రాసిన కోడ్ అపాచీలో చేరాలంటే దాని హక్కుదారు సాఫ్ట్‌వేర్ గ్రాంట్ అనే పత్రం ఇవ్వాలి. ఆ తర్వాత మార్పులు చేసే అధికారం పొందే ప్రతి వ్యక్తీ విడిగా ఒక ఒప్పందం మీద సంతకం చేయాలి. ఆ ఒప్పందంతో కాపీరైట్ చేతులు మారదు. ఇచ్చేది శాశ్వతమైన, వెనక్కి తీసుకోలేని, రాయల్టీ అడగని లైసెన్సు మాత్రమే. మిగతా హక్కులన్నీ రాసినవారివేనని అందులోనే ఉంటుంది. పేటెంటు హక్కులకూ అలాంటి అనుమతే ఉంటుంది. కానీ ఆ కోడ్ తన పేటెంటును ఉల్లంఘిస్తోందని ఎవరైనా దావా వేస్తే, వారికి దక్కిన పేటెంటు అనుమతి అక్కడితో ఆగిపోతుంది.

ఆ ఒప్పందంలో అన్నిటికన్నా శ్రద్ధగా చదవాల్సింది యజమాని గురించిన షరతు. ఉద్యోగి రాసిన దానిపై యజమానికి హక్కు ఉంటే, యజమాని అనుమతి ఉందని సంతకం చేసేవారు హామీ ఇవ్వాలి. లేదా సంస్థే విడిగా ఒప్పందం చేసుకోవాలి. భారత చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా చేసిన రచనకు తొలి హక్కుదారు యజమానే. దోహాలో పని చేసేవారు ఉద్యోగ ఒప్పందంలో మేధో సంపత్తి గురించి ఏముందో చూడాలి. సెలవు రోజున సొంత ల్యాప్‌టాప్‌లో రాశానన్న సమాధానం ఒక్కోసారి చాలదు. ఆ అనుమతి కాగితం మీద ఉండాలి, అదీ కోడ్ పంపకముందే. తనది కానిదాన్ని మంచి మనసుతో ఇచ్చినా అది ఇచ్చినట్టు కాదు. పైగా దాన్ని నమ్మి వాడుకున్న వారందరి మీదా ఆ చిక్కు పడుతుంది.

లైనక్స్ దారి వేరు. లైనక్స్‌లో తన కోడ్ చేరిందంటూ ఎస్‌సీవో సంస్థ 2003లో వేసిన దావా తర్వాత, మరుసటి ఏడాది నుంచి ప్రతి మార్పు కిందా పంపినవారు తమ పేరుతో ఒక ధ్రువీకరణ పంక్తి చేర్చే పద్ధతి వచ్చింది. దాన్ని పంపే హక్కు తనకుందని చెప్పడమే ఆ పంక్తి అర్థం. లైనక్స్‌లో హక్కులు వేలమంది దగ్గర చెదిరి ఉన్నాయి. అందుకే దాని లైసెన్సును ఏ ఒక్కరూ మార్చలేరు. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ మాత్రం జీసీసీ అనే కంపైలర్ వంటి ప్రాజెక్టుల్లో కాపీరైట్‌నే తనకు రాసివ్వమని అడిగేది. 2021లో జీసీసీ ఆ నిబంధనను సడలించింది. బెర్న్ ఒప్పందం ప్రకారం ఆర్థిక హక్కులు రాసిచ్చేసినా, ఇది నా రచన అని చెప్పుకునే హక్కు రచయితకే ఉంటుంది.

విస్తృతమైన అనుమతి అందుకునేది వ్యాపార సంస్థ అయినప్పుడు మరింత జాగ్రత్త అవసరం. హాషీకార్ప్ సంస్థ 2023 ఆగస్టులో తన టెరాఫామ్ సాఫ్ట్‌వేర్‌ను ఓపెన్ సోర్స్ లైసెన్సు నుంచి తప్పించగలిగింది. బయటివారు సంతకం చేసిన ఒప్పందాలు అందుకు వీలిచ్చాయి. అయితే కొత్త లైసెన్సు రాబోయే వెర్షన్లకే వర్తించింది. అంతకుముందు విడుదలైన కోడ్ పాత షరతుల కిందే ఉండిపోయింది. అదే ఏడాది దాని నుంచి ఓపెన్‌టోఫు అనే ప్రాజెక్టు వేరుపడి లైనక్స్ ఫౌండేషన్ నీడన నిలిచింది. పాత కోడ్‌లో బయటివారు రాసిన పంక్తులు ఇప్పుడు రెండింటిలోనూ పనిచేస్తున్నాయి.