ఆటగాడికి పైసలు, అర్హతకు కాగితాలు

మన హాస్టల్ నుంచి ఇంటర్ పూర్తి చేసి బయటికి వెళ్ళే తమ్ముళ్ళు, చెల్లెళ్ళలో ఏటా ఇద్దరు ముగ్గురైనా గట్టి ఆటగాళ్ళు ఉంటారు. కబడ్డీ కావచ్చు, వాలీబాల్ కావచ్చు, ఫుట్‌బాల్ కావచ్చు. ఎండాకాలం సెలవుల్లో వాళ్ళ ఇంటి ముందు ఎవరిదో ఒక బండి ఆగుతుంది. "మీ పిల్లగాణ్ణి మా కాలేజీలో చేర్పించండి. ఫీజు లేదు. తిండి, గది మేమే చూసుకుంటం. మా టీములో ఆడితే చాలు" అంటారు. నాయిన సంతోషపడి సంతకమో, వేలిముద్రో వేస్తాడు. ఆ కాగితంలో ఏముందో చదివి చెప్పేవాళ్ళు ఆ ఇంట్లో ఉండరు. మా ఇంట్లోనూ లేరు. డిగ్రీ ఫారం నింపిన మొదటి మనిషిని నేనే.

చదువుకునే పిల్లవాడు ఆడే ఆటకు డబ్బు ఇవ్వవచ్చా, పుచ్చుకుంటే అతడు ఆడటానికి అర్హుడేనా అన్న ప్రశ్న ప్రపంచంలో నూరేళ్ళకు పైగా నలుగుతున్నది. ఎం.ఏ. చరిత్ర చదువుతూ దీని గురించి తెలుసుకున్న విషయాలు మీతో పంచుకుంటాను.

మొదట మన హైదరాబాద్ సంగతే చూద్దాం. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. ఉస్మానియాలో చదివి, బడిపంతులుగా పనిచేసిన మనిషి. ఆయన శిక్షణలోనే మన దేశం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరి నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చింది. మరుసటి ఏడాదే ఆయన చనిపోయారు. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా ఆయన మీదే.

ఆ రోజుల్లో ఒలింపిక్స్‌లో ఆడాలంటే 'అమెచ్యూర్' అయి ఉండాలి. అంటే ఆటకు డబ్బు పుచ్చుకోనివాడు. మరి ఇంట్లో పొయ్యి ఎట్లా వెలగాలి? పోలీసు శాఖ ఉద్యోగం ఇచ్చింది. జీతం పోలీసు ఉద్యోగానిది, పని మాత్రం మైదానంలో. రైల్వేలు, సైన్యం, కలకత్తా క్లబ్బులు కూడా ఇట్లాంటి దారులే వెతికాయి. మెల్‌బోర్న్‌లో మనల్ని ఓడించిన యుగోస్లావియా, బల్గేరియా వాళ్ళ పద్ధతీ ఇంతకన్నా వేరుగా లేదు. అందుకే 'అమెచ్యూర్' అన్న మాటను నేను పెద్దగా నమ్మను. ఉత్తగ ఆడగలిగేది ఇంట్లో తిండికి లోటు లేనివాడే.

సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పేద ఇంట్లో పుట్టిన తులసీదాస్ బలరాంను రహీం సాబే గుర్తించారు. అంత దూరం నుంచి ప్రాక్టీసుకు రావడానికి డబ్బులు లేవంటే సైకిల్ అద్దె తానే ఇచ్చారని బలరాం తర్వాత చెప్పుకున్నారు. ఆ బలరాం 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్ జట్టుకు వెళ్ళి, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. 2023 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. ఆ సైకిల్ అద్దె లేకపోతే ఈ పేరు మనకు తెలిసేదే కాదు. అదే అద్దె అమెరికా కాలేజీ ఆటగాడికి ఇచ్చి ఉంటే, అక్కడి నిబంధనల పుస్తకం దాన్ని తప్పుల పట్టికలో రాసుకునేది.

ఆ నిబంధన ఎవరి మెడకు చుట్టుకుంటుందో తెలియాలంటే జిమ్ థోర్ప్ కథ తెలియాలి. మన హాస్టల్ పిల్లలు ఈ కథను తప్పక తెలుసుకోవాలని నా కోరిక. ఎందుకంటే అతడూ హాస్టల్ పిల్లవాడే. అమెరికా ఆదివాసీల్లో సాక్ అండ్ ఫాక్స్ తెగవాడు. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని కార్లైల్‌లో ఆదివాసీ పిల్లల కోసం ప్రభుత్వం 1879లో పెట్టిన వసతి పాఠశాలలో చదివాడు. మన హాస్టల్‌తో దాన్ని పోల్చకూడదు. అక్కడ పిల్లల జుట్టు కత్తిరించి, సొంత భాష మాట్లాడనివ్వకుండా పెంచేవారు. కానీ ఆ బడికి ఒక గొప్ప ఫుట్‌బాల్ జట్టు ఉండేది. అమెరికా ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత పట్టుకొని పరుగెత్తే ఆట అది. 1911లో ఆ బడి పిల్లలు పేరుమోసిన హార్వర్డ్ విశ్వవిద్యాలయాన్ని 18–15తో ఓడించారు. టికెట్ల డబ్బు బడికి, కోచ్ పాప్ వార్నర్ చూసే క్రీడా నిధికి చేరేది.

థోర్ప్ 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింటిలోనూ బంగారు పతకాలు గెలిచాడు. 1913 జనవరిలో ఒక పత్రిక బయటపెట్టిన విషయం ఏమిటంటే, 1909, 1910 సంవత్సరాల్లో అతడు నార్త్ కరోలినాలో కొద్దిపాటి జీతానికి బేస్‌బాల్ ఆడాడు. అప్పట్లో చాలామంది కాలేజీ పిల్లలు సెలవుల్లో అట్లాగే ఆడి నాలుగు డాలర్లు సంపాదించుకునేవారు. తెలివైనవాళ్ళు దొంగ పేర్లతో ఆడారు. థోర్ప్ తన సొంత పేరుతో ఆడి దొరికిపోయాడు. తమకేమీ తెలియదని కోచ్, సూపరింటెండెంట్ చేతులు దులుపుకున్నారు. పతకాలు లాక్కున్నారు. అసలు ఆ ఒలింపిక్స్ నిబంధనల ప్రకారమే అభ్యంతరం 30 రోజుల్లోపు చెప్పాలి. ఆరు నెలల తర్వాత చెప్తే ఒప్పుకున్నారు. ఆ నిబంధన తనకు పనికివస్తుందని ఆ పిల్లవాడికి ఎవరు చెప్తారు? అతడు 1953లో చనిపోయాడు. 1982లో ఒలింపిక్ కమిటీ మనసు మార్చుకుంది. మరుసటి ఏడాది పతకాల నకళ్ళు అతని పిల్లలకు ఇచ్చింది. ఆ పోటీల ఏకైక విజేతగా అతని పేరు మళ్ళీ రాసింది మాత్రం 2022లోనే.

కార్లైల్ బడి వ్యవహారాలపై 1914లో అమెరికా పార్లమెంటు కమిటీ విచారణ జరిపింది. ఫుట్‌బాల్ నిధుల లెక్కలూ అందులో వచ్చాయి. వార్నర్ ఆ తర్వాత పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి కోచ్‌గా వెళ్ళి ఇంకా పెద్ద పేరు తెచ్చుకున్నాడు.

ఆ తర్వాత కథ పాత్రలు మారి నడిచింది. అమెరికా కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ సంస్థ 1950లలో 'స్టూడెంట్ అథ్లెట్' అన్న మాటను ప్రచారంలోకి తెచ్చింది. వినడానికి గౌరవంగానే ఉంటుంది. కొలరాడోలో ఒక కాలేజీ ఆటగాడు 1955లో మైదానంలో తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. కార్మికులకిచ్చే నష్టపరిహారం ఇవ్వమని అతని భార్య అడిగితే, అతడు ఉద్యోగి కాడని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 1957లో తేల్చింది. ఆడేటప్పుడు అందరివాడు, పడిపోయాక విద్యార్థి. 1987లో డల్లాస్‌లోని సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ 13 మంది ఆటగాళ్ళకు రహస్య నిధి నుంచి సుమారు 61,000 డాలర్లు ఇచ్చినట్టు తేలితే ఆ ఏడాది జట్టును పూర్తిగా ఆపేశారు. పైసా ముట్టని పిల్లలు కూడా సీజన్ కోల్పోయారు. చెల్లింపులు కొనసాగించడానికి ఒప్పుకున్న పాలకమండలి పెద్ద బిల్ క్లెమెంట్స్ అప్పటికే టెక్సాస్ గవర్నర్. ఆ సంగతి తానే ఒప్పుకొని కూడా 1991 దాకా పదవిలో ఉన్నాడు.

ఇప్పుడు గాలి మారింది. 2021 జూలై నుంచి ఆటగాళ్ళు తమ పేరు, ఫోటో వాడుకున్నందుకు డబ్బు తీసుకోవచ్చు. 2025 జూన్ 6న కోర్టు ఆమోదించిన ఒప్పందంతో ఒక్కో యూనివర్సిటీ 2025–26లో 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకు నేరుగా ఆటగాళ్ళకు పంచే వీలు కలిగింది. నిన్నటి నేరం నేడు జీతమైంది. థోర్ప్ తీసుకున్నది వారానికి కొద్ది డాలర్లే.

ఇక మన దగ్గరికి వద్దాం. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో, అంటే మన ప్రాంతం నుంచైతే కాకతీయ యూనివర్సిటీ తరఫున ఆడాలంటే, మొదట చూసేది నువ్వు నిజంగా విద్యార్థివేనా అని. రెగ్యులర్ కోర్సులో చేరి ఉండాలి. వయసు 25 దాటకూడదు. డిగ్రీలో చేరేందుకు అర్హత నిచ్చిన పరీక్ష పాసై 8 ఏళ్ళు మించకూడదు. పూర్తికాలపు ఉద్యోగం చేస్తూ ఆడకూడదు. ఉత్తరాదిలో కొన్ని విశ్వవిద్యాలయాలు మౌలానా అబుల్ కలాం ఆజాద్ ట్రోఫీ కోసం ఫీజులు మాఫీ చేసి ఆటగాళ్ళను చేర్చుకుంటాయి. అది బాహాటంగా, కాగితం మీద జరిగితే తప్పు కాదనే నా అభిప్రాయం. పేదవాడికి అది ఒక దారి.

కాగితం లేకుండా జరిగేదే ప్రమాదం. నా క్లాస్‌మేట్ ఒకడు, మంచి రైడర్, ఇట్లాగే ఒక ప్రైవేటు కాలేజీకి వెళ్ళాడు. మాట ఇచ్చినవాడు నోటితోనే ఇచ్చాడు. రెండో ఏడాది మోకాలు దెబ్బతిన్నాక ఫీజు కట్టమన్నారు. కట్టకపోతే మెమోలు, టీసీ ఇవ్వమన్నారు. తర్వాత తెలిసిన విచిత్రం ఏమిటంటే, వాళ్ళు "మాఫీ" చేశామన్న ఫీజు ప్రభుత్వం నుంచి రీయింబర్స్‌మెంట్ కింద ఎట్లాగూ రావలసిందే. ఎస్సీ, ఎస్టీ పిల్లవాడికి ప్రభుత్వమిచ్చే దాన్ని తమ దానంగా చూపించారన్నమాట. అందుకని ఎవరైనా ఫీజు లేదని చెప్పినప్పుడు, ఈ కాలేజీకి రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందా అని ముందు అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు సరిచూసుకొని తిరిగి ఇచ్చేయాలే తప్ప కాలేజీలు తమ దగ్గర పెట్టుకోరాదని యూజీసీ 2018 అక్టోబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. వాడికి అది తెలిసేసరికి ఒక విద్యాసంవత్సరం పోయింది.

ఇంకొకటి, "ఈ ఒక్క మ్యాచ్ మా వాడి ఐడీ కార్డు మీద ఆడు, పైసలిస్తం" అనేవాళ్ళు ఉంటారు. మ్యాచ్ గెలిస్తే పేరు వేరేవాడిది, పట్టుబడితే కేసు నీది. ఇంజనీరింగ్ సీట్లలో అర శాతం, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో 2 శాతం క్రీడా కోటా ఉంది. ఆ తలుపు తెరిచేది నీ పేరు మీద, నీ పుట్టిన తేదీతో ఉన్న సర్టిఫికెటే.

పుట్టిన తేదీ అన్నాను కదా, అదీ ఒక చిక్కే. మనలో సగం మంది తేదీ బడిలో చేర్పించిన రోజు సారు వేసినదే. అది నిజమో కాదో అమ్మకు కూడా తెలియదు. పది పాసయ్యాక యూనివర్సిటీ పోటీల దాకా ముఖ్యంగా లెక్కలోకి వచ్చేది పదో తరగతి మెమోలోని తేదీ. ఏ ఫారంలోనైనా దాన్నే రాయండి. ఎవరు సలహా ఇచ్చినా మార్చకండి. ప్రిన్సిపాల్ సంతకమైన అర్హత ఫారం, పాల్గొన్న ప్రతి పోటీ సర్టిఫికెట్ జిరాక్స్ తీసి ట్రంకు పెట్టెలో అడుగున పెట్టుకోండి. పీడీ సారు బదిలీ అయి వెళ్ళాక ఆఫీసులో అడిగితే ఫైలు కనబడటం లేదంటారు.