ఆకలికి తగ్గ ప్లేటు అడగండి

సెలవులొస్తే తమిళనాడులో తేని తెలుగు ఇళ్లలో పిల్లలు ఎత్తే మొదటి మాట ‘నైనా, వండర్‌లా పోదామా’. ఆ థీమ్ పార్కుకు బోడి దాటి, ఘాట్ రోడ్డెక్కి, మున్నారు మీదుగా కొచ్చికి పోవాలి. అంత దూరం ఎందుకనుకున్నవాళ్లు మదురై పక్కన పరవైలో ఉన్న అతిశయం పార్కుకు పోతారు. ఎక్కడికి పోయినా వ్యానులో ఒక అవ్వ ఉంటుంది. రైడ్లెక్కదు, నీళ్లలో దిగదు, అందరి సంచులూ కాపలా కాస్తుంది. మధ్యాహ్నం కొడుకు కౌంటర్ దగ్గర నిలబడి అందరికీ తానే చెప్పేస్తాడు. అవ్వ ముందుకు కూడా ఒక ఫుల్ ప్లేటు ఫ్రైడ్ రైస్ వస్తుంది. నాలుగు ముద్దలు తిని ప్లేటు పక్కకు జరుపుతుంది. ఆమె మనసంతా మనవడి ముందున్న చిన్న గిన్నె మీద, అందులోని పెరుగన్నం మీద ఉంది. పిల్లల మెనూలో అది ఉంది. ఆమెకు సరిపోయే కొలతా అదే. కానీ అడగలేదు.

అడగకపోవడానికి ఆమెకు కారణాలున్నాయి. పిల్లల ప్లేటు పెద్దవాళ్లు అడిగితే డబ్బు మిగుల్చుకోవడానికి అడిగారనుకుంటారని ఒకటి. కౌంటర్ కుర్రాడు ‘అది పిల్లలకు పాట్టీ (అవ్వా)’ అంటే నలుగురిలో తల వంచుకోవాలని రెండు. కొడుకు ‘మాకేం తక్కువమ్మా, బాగా తిను’ అని నొచ్చుకుంటాడని మూడు. ఈ మూడో కారణమే అన్నిటికన్నా బలమైంది. మన ఇళ్లలో పెద్దవాళ్లు తక్కువ తింటే పెట్టేవాళ్లకు చిన్నతనంగా ఉంటుంది. అందుకే ఆకలి లేకపోయినా ఆర్డరిస్తారు, ఆర్డరిచ్చాక వదిలేస్తారు.

ఇదే అవ్వ తేని బస్టాండు దగ్గర హోటల్లో ఇలా ఇబ్బంది పడదు. అక్కడ బోర్డు మీద ఫుల్ సాప్పాడు కింద ‘అళవు సాప్పాడు’ అని ఉంటుంది. ఆంధ్ర, తెలంగాణల్లో ప్లేట్ మీల్స్ అన్నట్టే ఇదీ కొలిచి పెట్టే భోజనం. మారు వడ్డన ఉండదు, ధర తక్కువ. లారీ డ్రైవరూ అడుగుతాడు, సంతకొచ్చిన రైతూ అడుగుతాడు, షుగరున్న రిటైర్డ్ మాస్టారూ అడుగుతారు. ఎవరికీ సిగ్గులేదు. ఎందుకంటే ఆ బోర్డు మీద తినేవాడి వయసు లేదు, తిండి కొలత మాత్రమే ఉంది. చిత్తిర నెలలో వీరపాండి గౌమారియమ్మన్ తిరునాళ్లకు పోయి చూడండి. తేని వాళ్లకు ఏటా వచ్చే థీమ్ పార్కు అదే: జెయింట్ వీలు, రంగులరాట్నం, వరసగా తిండి అంగళ్లు. అక్కడ డెబ్బై ఏళ్ల తాత పీచుమిఠాయి కొనుక్కుని తింటూ నడిచినా ఎవరూ వయసడగరు. పార్కు రెస్టారెంటులో అదే తిండికి ‘పిల్లలది’ అని పేరు పెట్టగానే అదే మనిషి వెనక్కి తగ్గుతాడు.

కాబట్టి మొదట నేర్చుకోవాల్సింది ఇది: బోర్డు మీది పేరును పక్కనపెట్టి కొలతను చూడండి.

ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే భయం సగం పోతుంది. అమెరికాలో మద్యనిషేధం వచ్చాక హోటళ్లకు మద్యం మీద వచ్చే ఆదాయం పోయింది. కొత్త గిరాకీ కోసం కుటుంబాలను, పిల్లలను పిలవడం మొదలుపెట్టాయి. పిల్లల కోసం విడిగా మెనూ అచ్చేసిన తొలి హోటళ్లలో న్యూయార్కులోని వాల్డార్ఫ్ ఆస్టోరియా ఒకటి, అది 1921 నాటి మాట. అప్పట్లో పిల్లల తిండి గురించి అక్కడి తల్లులు నమ్మిన పుస్తకం ఎమెట్ హోల్ట్ అనే డాక్టరు 1894లో రాసింది. మసాలా, వేపుళ్లు వద్దు, మెత్తగా ఉడికించి కొద్దిగా పెట్టండి అన్నది ఆయన పద్ధతి. తొలి పిల్లల మెనూలు ఆ పద్ధతిలోనే తయారయ్యాయి. తేలిక తిండి, చిన్న కొలత, కారం తక్కువ. అరవై దాటిన మన ఇంటి పెద్దకు డాక్టరు చెప్పేదీ ఇదే కదా! అవ్వ కోరుకున్న గిన్నెలో పిల్లచేష్ట ఏముంది?

ఇక కొలత విషయం. పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో బార్బరా రోల్స్, ఆమె సహచరులు చేసిన ఒక పరిశోధన 2002లో అచ్చయింది. పెద్దవాళ్లకు వేర్వేరు రోజుల్లో అదే మాకరోనీని 500 గ్రాముల నుంచి 1000 గ్రాముల దాకా నాలుగు కొలతల్లో ముందు పెట్టారు. చిన్న కొలత పెట్టిన రోజుకన్నా పెద్ద కొలత పెట్టిన రోజు వాళ్లు 30 శాతం ఎక్కువ తిన్నారు. కొలతలు మారాయని గమనించినవాళ్లు 45 శాతమే. ఆకలి తీరిందని మనకు తెలుస్తుందనుకుంటాం గానీ, ముందు పెట్టిన ప్లేటే మన చేత ఎక్కువ తినిపిస్తుంది. తిన్నాక ఆపుకోవడం కష్టం, తినకముందే చిన్నది అడగడం తేలిక. పట్టుదల మీద నమ్మకం పెట్టుకున్నవాళ్లంతా ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. దేశంలో పది కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో తేల్చింది. అంటే పార్కుకు పోయే ప్రతి పెద్ద కుటుంబంలో మాత్ర వేసుకుని, కొంచెమే తినాల్సిన మనిషి ఒకరైనా ఉండే అవకాశం ఉంది.

మిగిలిపోయిన తిండి సంగతీ ఉంది. 2022లో ప్రపంచం పారేసిన తిండి 105 కోట్ల టన్నులని ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ లెక్క. అందులో 28 శాతం హోటళ్లు, క్యాంటీన్ల వంటి చోట్ల పోయింది. మన దేశంలో 2017లో ప్రధాని మన్ కీ బాత్‌లో తిండి వృథా గురించి మాట్లాడాక, అప్పటి కేంద్ర మంత్రి రామ్ విలాస్ పాశ్వాన్ హోటళ్లు ఎంత కొలత పెడుతున్నదీ ముందే చెప్పాలన్న ఆలోచన బయటపెట్టారు. హోటల్ యజమానులు ఒప్పుకోలేదు. చట్టం కోసం ఎదురుచూడక్కర్లేదు, మనం అడిగితే చాలు.

అయితే అడగడానికీ ఒక హద్దుంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కొలతను బట్టి ధర ఉన్నచోట చిన్న కొలత అడగడం మీ ఇష్టం, న్యాయం కూడా. వయసును బట్టి ధర ఉన్నచోట వయసు దాచడం మోసం. ఈ రెంటినీ కలపకండి. ఫ్లోరిడాలో డిస్నీ వరల్డ్ దీనికి మంచి ఉదాహరణ. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి పోయిన మన పెద్దవాళ్లు చాలామంది దాన్ని చూసే వస్తారు. అక్కడి లెక్కలో 3 నుంచి 9 ఏళ్ల దాకా పిల్లలు, పదేళ్లు నిండితే పెద్దవాళ్లే. కౌంటర్ దగ్గర కొనుక్కునే చోట్ల పిల్లల మీల్ ఎవరు తింటారని సాధారణంగా అడగరు, పెద్దవాళ్లు కూడా కొనుక్కుంటూనే ఉంటారు. కానీ ఎంతైనా తినొచ్చనే బఫేలో తలకింత అని ధర. అక్కడ మీరు నాలుగు ముద్దలే తిన్నా పెద్దవాళ్ల ధరే కట్టాలి. తక్కువ తినేవాళ్లు బఫేకు పోకపోవడమే తెలివి. కౌంటర్ తిండి చూసుకోండి.

ఈ హద్దు పెద్దవాళ్ల కన్నా పిల్లలకు ఎక్కువ ముఖ్యం. వండర్‌లాలో పిల్లల వయసు చూడరు, ఎత్తు చూస్తారు. 85 సెంటీమీటర్ల లోపు ఉంటే టికెట్ లేదు, 140 లోపు ఉంటే పిల్లల టికెట్. గేటు దగ్గర కాసేపు నిలబడి చూడండి. 140 గీత దాటిన పదకొండేళ్ల కుర్రాడి భుజం మీద తండ్రి చెయ్యేసి నెమ్మదిగా కిందికి నొక్కుతాడు. ‘కొంచెం మోకాళ్లు వంచురా’ అంటాడు, అదీ తెలుగులో, గేటు దగ్గరున్న మలయాళీకి అర్థం కాదని. కుర్రాడు వంచుతాడు. ఆ క్షణంలో వాడి ముఖం చూస్తే నాకు కడుపులో దేవినట్టవుతుంది. ఇంట్లో మాట్లాడుకునే భాష తమిళనాడులో మనకు దక్కిన సొత్తు. తరాలుగా బడిలో చదువుకోకపోయినా తల్లుల నోటి నుంచి పిల్లల నోటికి వచ్చింది. దాన్ని దొంగమాటలకు వాడుకునేదిగా పిల్లలకు నేర్పకండి. 2022లో తేనికి మళ్లీ రైలు వచ్చాక ఇదే ఆట మదురై రైల్లోనూ చూస్తున్నాం. పన్నెండు నిండిన పిల్లకు సగం టికెట్ తీసి, ‘ఎవరైనా అడిగితే పదకొండని చెప్పు’ అంటారు. మిగిలే డబ్బు ఒక కాఫీకి వస్తుంది. పిల్ల మాత్రం అవసరమైతే నాన్న అబద్ధం చెప్పిస్తాడని నేర్చుకుంటుంది.

గేటు దగ్గర మోకాళ్లు వంచిన ఆ కుర్రాడి ముందే అవ్వ ధైర్యంగా ‘నాకు ఆ చిన్నది చాలు, పెద్దవాళ్లకు ఇస్తారా?’ అని అడిగిందనుకోండి. వాడు నేర్చుకునేది వేరు. తనకేం కావాలో తెలిసిన మనిషి దాచకుండా అడుగుతుందని, కాదంటే ఏడవదని వాడు చూస్తాడు.

కాబట్టి అడిగే పద్ధతి చూద్దాం. డబ్బు కట్టకముందే అడగండి, బిల్లయ్యాక మార్చమంటే కౌంటర్లో ఉన్నవాళ్లకు కష్టం. కొలతతో మొదలుపెట్టండి, ధరతో కాదు. ‘ఇది తక్కువ రేటు కదా’ అన్న మాటతో మొదలుపెడితే ఎదుటివాళ్లు బేరం అనుకుంటారు. ‘నేను కొంచెమే తింటాను, చిన్న ప్లేటు ఇస్తారా’ అంటే నూటికి తొంభై చోట్ల ఇస్తారన్నది నా అనుభవం. కారణాలు ఏకరువు పెట్టొద్దు. మీ షుగరు, మీ గ్యాసు, మీ ఆపరేషన్ కథలు క్యూలో ఉన్నవాళ్లకు అక్కర్లేదు. ఇవ్వలేమంటే వాదించకండి. కౌంటర్ కుర్రాడు రోజుకూలీకి నిలబడ్డవాడు, మిషన్లో లేని బటన్ నొక్కలేడు. ఒక ఫుల్ ప్లేటు, ఒక ఖాళీ ప్లేటు అడిగి ఇద్దరు పంచుకోండి. మిగిలేట్టుంటే తినకముందే సగం తీసి పార్సెల్ కట్టించండి, ఎంగిలి కాకముందు కట్టిస్తే రాత్రికి ఎవరైనా తింటారు.

డబ్బు కట్టేవాళ్లకు ఇంకో మాట. మీరు కొడుకైనా, అల్లుడైనా, అమెరికా నుంచి వచ్చిన మనవరాలైనా అందరి తరఫునా ఆర్డరివ్వకండి. ఫోను పక్కన పెట్టి, మెనూ బోర్డు పెద్దవాళ్లకు చదివి వినిపించండి. చాలామందికి ఆ ఇంగ్లీషు అక్షరాలు, ఆ ఎత్తులో, ఆ లైట్లలో కనబడవు. ‘అమ్మా, నీకేం కావాలి? చిన్నదా, పెద్దదా?’ అని అడగండి. ఆమె ‘నీ ఇష్టం నైనా’ అంటుంది. అప్పుడు వదిలేయకండి, రెండోసారి అడగండి. రెండోసారికి మనసులోది బయటికొస్తుంది. వచ్చాక మీ గౌరవం తగ్గుతుందని పెద్ద ప్లేటు తేవద్దు.

కొలత కోసమే కాక సరదా కోసమూ పిల్లల మెనూ కావాలనిపించొచ్చు. నవ్వు ముఖం గీసిన పాన్‌కేక్, బొమ్మ ఉన్న డబ్బా. 2022లో మెక్‌డొనాల్డ్స్ అమెరికాలో బొమ్మలతో కూడిన పెద్దవాళ్ల డబ్బా అమ్మితే జనం ఎగబడ్డారు. పెద్దవాళ్లకూ ఆ కోరిక ఉందని కంపెనీలకు తెలిసిపోయింది. మీకూ ఉంటే, పార్కుకు వచ్చిందే ఆడుకోవడానికి కదా, కొనుక్కోండి.

పార్కు యజమానులను కూడా అడగాల్సింది ఒకటుంది. బయటికి వచ్చే ముందు అభిప్రాయాల ఫారం ఇస్తే పడేయకండి. పిల్లల మెనూ అన్న మాట తీసి చిన్న ప్లేటు, పెద్ద ప్లేటు అని రెండు కొలతలు రాయమనండి, పక్కన గ్రాములు కూడా వేయమనండి. తేని బస్టాండు హోటల్ బోర్డు మీద పట్టిన మాట కోట్ల రూపాయల పార్కు బోర్డు మీద పట్టకుండా పోదు.