ఇంటెలా, రైజెనా? ముందు ఎవరు ఎవరి కోసం ఆగుతున్నారో చూడండి

ప్రతి సెమిస్టర్ మొదట్లో హాస్టల్లో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది: "అన్నా, ఇంటెల్ తీసుకోమంటావా, రైజెన్ తీసుకోమంటావా?" అడిగిన పాపానికి పదిమంది పది జవాబులు చెబుతారు. అందులో సగంమంది తమ దగ్గరున్నదే మంచిదంటారు. అసలు అది సగం ప్రశ్న. ఏ ఊరెళ్లాలో చెప్పకుండా బస్సు మంచిదా, రైలు మంచిదా అని అడిగినట్టు ఉంటుంది.

ఈ మధ్య నలుగురైదుగురికి పీసీ పార్టులు ఎంచిపెట్టాను. ప్రతిసారీ నేను పట్టుకున్న దారి ఒక్కటే. మీ పని నడుస్తున్నప్పుడు కంప్యూటర్ లోపల ఎవరు ఎవరి కోసం ఆగుతున్నారో కనిపెట్టాలి. డబ్బు అక్కడ పెట్టాలి.

ముందు గేమ్‌ల సంగతి చూద్దాం. మీ మానిటర్ 60 హెర్ట్‌జ్‌ది అనుకోండి. సెకనుకు 60 బొమ్మలు, అంటే ఒక్కో బొమ్మకు 16.67 మిల్లీసెకన్ల గడువు. 144 హెర్ట్‌జ్ అయితే ఆ గడువు 6.94 మిల్లీసెకన్లకు పడిపోతుంది. శత్రువు ఎక్కడున్నాడు, తూటా ఎటు పోయింది, గోడకు తగిలిందా లేదా, ఈ లెక్కలన్నీ ప్రాసెసర్‌వి. లెక్క తేలాక ఏం గీయాలో గ్రాఫిక్స్ కార్డుకు చెబుతుంది, కార్డు గీసి రంగులు నింపుతుంది. ఇద్దరిలో ఎవరు నిదానమో వాళ్లదే మీ ఫ్రేమ్ రేటు. ఒక్కో బొమ్మకు కార్డు 14 మిల్లీసెకన్లు తీసుకుంటుంటే, ప్రాసెసర్ తన వంతు 5లో చేసినా 3లో చేసినా మీ కంటికి ఒకటే.

దీన్ని తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేదు. మీరు ఆడే గేమ్‌లో రిజల్యూషన్ బాగా తగ్గించి చూడండి. ఫ్రేమ్ రేటు చటుక్కున పెరిగితే ఇన్నాళ్లూ ఆపుతున్నది కార్డు. పెద్దగా కదలకపోతే ఆపుతున్నది ప్రాసెసర్. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ 15 శాతమే వాడుతోంది కదా అని మాత్రం మోసపోకండి. 16 థ్రెడ్ల ప్రాసెసర్‌లో ఒక్క థ్రెడ్ ఊపిరాడకుండా పనిచేస్తున్నా, మొత్తం మీద అది 6 శాతం చిల్లరగానే కనిపిస్తుంది.

యూట్యూబ్ రివ్యూల్లో బార్ గ్రాఫులు చూసే ఉంటారు. అందులో చాలావాటికి ఆర్‌టీఎక్స్ 4090 లాంటి కార్డు పెట్టి, 1080పీలో ఆడి కొలుస్తారు. వాళ్లు చేసేది తప్పు కాదు. ప్రాసెసర్‌ని పరీక్షించాలంటే కార్డు అడ్డు రాకూడదు మరి. కానీ ఆ గ్రాఫులో కనిపించే 40 ఫ్రేముల తేడా, ఆర్‌టీఎక్స్ 4060 పెట్టి సెట్టింగులన్నీ హై చేసుకుని ఆడే మన గదిలోకి వచ్చేసరికి చాలాసార్లు మాయమైపోతుంది.

మరి ఎక్స్3డీ, ఎక్స్3డీ అని అందరూ ఎందుకు పలవరిస్తున్నారు? అది ఉత్త మోజు కాదు. వంటింట్లో పోపుల డబ్బా పొయ్యి పక్కనే ఎందుకుంటుందో ఆలోచించండి. నూనె కాగాక ఆవాలకోసం వీధి చివర కిరాణా కొట్టుకు వెళ్లలేం కదా. 5 గిగాహెర్ట్‌జ్ ప్రాసెసర్‌కి ఒక్క అడుగు అంటే 0.2 నానోసెకన్లు. ర్యామ్ దాకా వెళ్లి డేటా తేవాలంటే సుమారు 80 నానోసెకన్లు, అంటే దాదాపు 400 అడుగులు ఊరికే నిలబడాలి. అదే డేటా ఎల్3 క్యాష్‌లో దొరికితే పది నానోసెకన్ల చుట్టుపక్కల చేతికొస్తుంది. ర్యామ్ కిరాణా కొట్టు, క్యాష్ పోపుల డబ్బా.

మామూలు 8 కోర్ల రైజెన్‌లో, ఉదాహరణకు 7700ఎక్స్‌లో, ఈ డబ్బా 32 మెగాబైట్లు. ఏఎండీ వాళ్లు దాని మీద ఇంకో 64 మెగాబైట్ల పలకను అంతస్తులా పేర్చి 96 చేశారు. డెస్క్‌టాప్‌లో ఇలా వచ్చిన మొదటిది 2022 ఏప్రిల్‌లో 5800ఎక్స్3డీ. దాని తర్వాత 2023 ఏప్రిల్‌లో 7800ఎక్స్3డీ వచ్చింది. పైనున్న పలక వేడిని బయటికి పోనివ్వదు కాబట్టి ఈ రెండింటిలోనూ వేగం కొంచెం తగ్గించాల్సి వచ్చింది. 2024 నవంబర్‌లో వచ్చిన 9800ఎక్స్3డీలో పలకను కోర్ల కిందికి మార్చారు, ఆ ఇబ్బంది చాలావరకు తీరింది. ఫ్యాక్టోరియో, ఫ్లైట్ సిమ్యులేటర్ లాంటి గేమ్‌లలో ఎప్పుడు ఏ డేటా కావాలో ముందుగా ఊహించడం కష్టం. పెద్ద డబ్బా అక్కడే బాగా కలిసొస్తుంది. క్యాష్ ఎక్కువ కావాలంటే క్యాష్ ఎక్కువ పెట్టాలి, తప్పదు.

అదే డబ్బా బ్లెండర్‌లో సీపీయూ రెండరింగ్‌కు గానీ, వీడియో ఎన్‌కోడింగ్‌కు గానీ పెద్దగా పనికిరాదు. అక్కడ కావలసింది చేతులు, అంటే కోర్లు. అయితే చేతులకూ ఒక హద్దుంది. పెళ్లికి పులిహోర చేస్తున్నారనుకోండి. చింతపండు పులుసు తీయడం, మిరపకాయలు తుంచడం, పల్లీలు వేయించడం ఎంతమందైనా పంచుకోవచ్చు. కానీ అన్నం ఉడికి ఆరేదాకా కలపడం కుదరదు. 16 మంది వచ్చినా గరిటెలు పట్టుకుని నిలబడాల్సిందే. 1967లో జీన్ ఆమ్డాల్ చెప్పింది ఇదే. పనిలో 90 శాతం పంచుకోగలిగితే 8 కోర్లతో 4.7 రెట్లు, 16 కోర్లతో 6.4 రెట్లు వేగం వస్తుంది. పంచుకోగలిగింది సగమే అయితే 6 కోర్లతో 1.71 రెట్లు, 16 కోర్లతో 1.88 రెట్లు. ఆ 0.17 కోసం మీరు పది కోర్ల డబ్బు కట్టినట్టు.

(థ్రెడ్‌ను తెలుగులో ఏమనాలని మన క్లబ్‌లో ఓ సాయంత్రం చర్చ జరిగింది. 'దారం' అన్నారు, 'తంతువు' అన్నారు. నా ఓటు 'పోగు'కి. కోర్‌ను మగ్గం అనుకుంటే లెక్క సరిపోతుంది కూడా. కానీ "నా ప్రాసెసర్‌కి 16 పోగులు" అని షాపులో అనే ధైర్యం నాకింకా రాలేదు.)

ఈసీఈ వాళ్లు ఒక విషయం గమనించాలి. వివాడో విండోస్‌లో డిఫాల్ట్‌గా రెండే థ్రెడ్లు వాడుకుంటుంది, లైనక్స్‌లో 8. ఆ సెట్టింగు ముట్టుకోకుండా 20 కోర్లు కొని "సింథసిస్ ఇంకా నిదానమే" అనేవాళ్లున్నారు. డీప్ లెర్నింగ్ చేసేవాళ్లకు ప్రాసెసర్ గొడవే అనవసరం, కార్డు మీదా దాని మెమరీ మీదా పెట్టండి. పెద్ద సీ++ ప్రాజెక్టులు కంపైల్ చేసేవాళ్లకు కోర్లు నిజంగానే అక్కరకొస్తాయి, చివర్లో లింకింగ్ దగ్గర మాత్రం మళ్లీ ఒక్కడే మోస్తాడు.

ఇప్పుడు ఎక్కువమంది తూకం వేసే జంటను చూద్దాం: రైజెన్ 7 7800ఎక్స్3డీ, కోర్ ఐ7-14700కె. విడుదలప్పుడు మొదటిది 449 డాలర్లు, రెండోది 409. మొదటిదాంట్లో 8 కోర్లు, 16 థ్రెడ్లు. రెండోదాంట్లో 8 పెద్ద కోర్లు, 12 చిన్న కోర్లు, మొత్తం 28 థ్రెడ్లు. అన్ని కోర్లనూ వాడే రెండరింగ్ పరీక్షల్లో ఇంటెల్‌ది దాదాపు రెండింతల వేగం. కార్డు అడ్డురాని గేమ్‌లలో రైజెన్‌ది పైచేయి, అదీ చాలా తక్కువ కరెంటుతో. 14700కె గరిష్ఠంగా 253 వాట్ల దాకా తాగుతుంది. 7800ఎక్స్3డీ గేమ్‌లలో మామూలుగా 100 వాట్లు దాటదు. రోజుకు 4 గంటలు, ఏడాదిలో 300 రోజులు, 100 వాట్ల తేడా అనుకుంటే 120 యూనిట్లు. బిల్లు సంగతి అలా ఉంచండి, ఆ వేడంతా పడేది మీ గదిలోనే. బెజవాడలో మే నెల గడిపినవాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు. దానికి తగ్గ కూలర్ ఖరీదు కూడా ప్రాసెసర్ ధరలో కలుపుకోవాలి.

బోర్డు సంగతీ చూసుకోవాలి. 14700కె కూర్చునే ఎల్‌జీఏ 1700 సాకెట్‌కి 14వ తరంతోనే కథ అయిపోయింది. ఏఎం5లో 7000 సిరీస్ కొన్నవాళ్లు అదే బోర్డు మీద 9000కి వెళ్లొచ్చు. పాత ఏఎం4లో అయితే 2017 నాటి బోర్డుల్లో చాలావాటికి బయాస్ అప్‌డేట్ చేసి 5800ఎక్స్3డీ పెట్టుకున్నారు. నాలుగేళ్లు అదే పీసీతో ఈదాలనుకునే మనలాంటివాళ్లకు ఇది చిన్న విషయం కాదు. ఏఎం5లో డీడీఆర్5 తప్ప గతిలేదు, ఎల్‌జీఏ 1700లో డీడీఆర్4 బోర్డులూ దొరుకుతాయి. పాత ర్యామ్ ఉన్నవాళ్లకు అదో ఊరట.

నమ్మకం విషయంలో రెండు శిబిరాలకూ మచ్చలున్నాయి. 2023లో కొన్ని బోర్డుల మీద 7000 ఎక్స్3డీ చిప్‌లు ఎక్కువ వోల్టేజీకి కాలిపోయాయి, ఆ తర్వాత ఎస్ఓసీ వోల్టేజీని 1.3 వోల్టుల దగ్గర కట్టేశారు. 13, 14 తరాల ఇంటెల్ పెద్ద చిప్‌లు ఎక్కువ వోల్టేజీ అడిగి క్రమంగా దెబ్బతింటున్నాయని 2024లో బయటపడింది. ఆగస్టులో మైక్రోకోడ్ సవరణ వచ్చింది, 13600కె, 14600కె నుంచి పైవాటికి వారంటీ రెండేళ్లు పెంచారు. ఏది కొన్నా మొదటిరోజే బయాస్ అప్‌డేట్ చేయండి. సెకండ్ హ్యాండ్‌లో 13900కె చవగ్గా వస్తోందని ఎవరైనా అంటే, నేనైతే ఆ దారిన పోను.

ఇక మా బాబాయి కొడుకు సంగతి. తెనాలిలో డిగ్రీ రెండో ఏడు, పెళ్లి వీడియోలు ఎడిట్ చేసిపెట్టి డబ్బులు సంపాదిస్తాడు. 2024లో వేసవంతా మూఢం, పెళ్లిళ్లు లేవు. శ్రావణంలో ముహూర్తాలు మొదలయ్యేలోపు పీసీ కావాలన్నాడు. పిన్ని చీటీ పాడి 80 వేలు చేతిలో పెట్టింది. నెలనెలా ఆ చీటీ వాయిదా కట్టాల్సింది వాడి ఎడిటింగ్ డబ్బుల్లోంచే. వాడేమో "అన్నయ్యా, 7800ఎక్స్3డీ ఫిక్స్ అయిపోయా" అన్నాడు. ఆడేది వాలరెంట్, జీటీఏ 5. మానిటర్ 60 హెర్ట్‌జ్‌ది.

"ఎడిటింగ్‌లో ఎక్కడ ఆగుతున్నావురా?" అని అడిగాను. టైమ్‌లైన్ కదలదట. ఫుటేజీ వచ్చిన ప్రతిసారీ రాత్రంతా ల్యాప్‌టాప్ ఆన్‌లో ఉంచి ప్రాక్సీలు చేసుకుంటాడట, అంటే అదే వీడియోకు చిన్న సైజు నకళ్లు. ఫైల్ తెప్పించి చూశాను: హెచ్.265, 10 బిట్, 4:2:2. అసలు చిక్కు అక్కడుంది.

మన ఫోన్ వీడియోలు సాధారణంగా 4:2:0. రంగుల సమాచారంలో నాలుగోవంతే దాచుకుంటాయి. 4:2:2లో సగం ఉంటుంది, పట్టుచీర రంగు సరిదిద్దేటప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుంది, అందుకే కెమెరావాళ్లు అందులో తీస్తారు. కానీ ఈ రకం హెచ్.265ను విప్పే సర్క్యూట్ అప్పటి ఎన్విడియా కార్డుల్లో లేదు, ఏఎండీ వాటిలోనూ లేదు. ఎన్విడియా దాన్ని 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌లో చేర్చింది. ఇంటెల్ ప్రాసెసర్‌లో ఉండే చిన్న గ్రాఫిక్స్‌లో మాత్రం 11వ తరం నుంచే ఉంది, ప్రీమియర్ దాన్ని వాడుకుంటుంది. అంటే మావాడు ఆగుతున్నది క్యాష్ కోసమూ కాదు, కోర్ల కోసమూ కాదు. ఆ చిన్న సర్క్యూట్ కోసం.

కాబట్టి ఐ5-14500 అనుకున్నాం. 6 పెద్ద కోర్లు, 8 చిన్నవి, 20 థ్రెడ్లు, లోపల యూహెచ్‌డీ 770 గ్రాఫిక్స్. వారంటీ పెంచాల్సి వచ్చిన చిప్‌ల జాబితాలో ఇది లేదు. మిగిలిన డబ్బుతో 32 జీబీ ర్యామ్, ఫుటేజీ కోసం విడిగా రెండో ఎస్ఎస్‌డీ. వాడు కొంచెం ముఖం ముడుచుకున్నాడు, పేరులో ఎక్స్ లేదు కదా. వాడిది 240 హెర్ట్‌జ్ మానిటరై, ఎడిటింగ్ లేకపోయుంటే వాడి మాటే నెగ్గేది.

షాపతను 14400ఎఫ్ చూపించాడు. "కార్డు ఎలాగూ పెడుతున్నారు కదా సార్, లోపల గ్రాఫిక్స్ ఎందుకు దండగ?" గేమ్‌లు మాత్రమే ఆడేవాళ్లకు అతను చెప్పింది మంచి సలహానే. పేరు చివర ఎఫ్ అంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు, ధర తగ్గుతుంది. మాకు కావలసింది సరిగ్గా ఆ లేనిదే. బాక్స్ మీద 14500 తర్వాత అక్షరమేమీ లేదని చూసుకుని డబ్బు కట్టాం.

ఇలాంటిది బిగించేవాళ్లు ఇంకొక్కటి చూసుకోవాలి. విడిగా కార్డు పెట్టగానే చాలా బోర్డులు లోపలి గ్రాఫిక్స్‌ని ఆపేస్తాయి. బయాస్‌లోకి వెళ్లి దాన్ని మళ్లీ ఆన్ చేయాలి. అప్పుడు టాస్క్ మేనేజర్‌లో రెండు జీపీయూలు కనిపిస్తాయి. ప్రీమియర్‌లో టైమ్‌లైన్ నడుపుతుంటే ఇంటెల్ దాని కింద 'వీడియో డీకోడ్' గీత పైకి లేవాలి. మావాడు ఆ గీత లేవడం చూశాడు, ముందుకీ వెనక్కీ రెండుమూడుసార్లు జరిపి చూశాడు, తర్వాత ప్రాక్సీల ఫోల్డర్ తెరిచి మొత్తం డిలీట్ కొట్టాడు.