గ్రామసభ మినిట్సు – కృత్రిమ మేధ

గ్రామసభలో పదిమంది ఒక్కమారుగా మాట్లాడుచుండగా ఎవరేమనిరో విని తీర్మానముల పుస్తకములో ఎక్కించుట ఎంత కష్టమో పంచాయతీ సభ్యులకు మేము చెప్పనక్కరలేదు. ఈ శ్రమను తగ్గించుటకై కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ 2025 ఆగస్టులో ‘సభాసార్’ అను సాధనమును ప్రవేశపెట్టినది. సభలోని మాటలను రికార్డు చేసి, ఇ-గ్రామస్వరాజ్ లాగిన్ ద్వారా అందులో చేర్చినచో, అది ఆ మాటలను అక్షరములుగా మార్చి, సారాంశము తీసి, మినిట్సు ముసాయిదాను సిద్ధము చేయును. ‘భాషిణి’ అను ప్రభుత్వ భాషా వేదికపై ఆధారపడిన ఈ సాధనము తెలుగును కూడ గ్రహింపగలదు. ప్రభుత్వపు పనులలో కృత్రిమ మేధ ప్రవేశించుచున్న తీరునకు ఇది మన గడపలోనే కానవచ్చు ఉదాహరణము.

ఇట్టి యంత్రము మనిషివలె సంగతి నెరిగి వ్రాయదు. లెక్కకు మించిన వాక్యములను పరిశీలించి, ఏ మాట వెంట ఏ మాట వచ్చుట సహజమో అది నేర్చుకొన్నది. సరిగా వినబడని చోట, వచ్చుటకు వీలున్న మాటను ఊహించి నింపవచ్చును. చిక్కంతయు ఇక్కడనే యున్నది. తడబడిన గుమాస్తా వ్రాతలో కొట్టివేతలైనను కనబడును. యంత్రము పొరబడినను దాని వాక్యము తీర్చిదిద్దినట్లే యుండును.

ఒక సభను ఊహించి చూతము. చెరువు తూము మరమ్మతుకు నిధులు కేటాయింపవలెనని ప్రతిపాదన వచ్చినది. వెనుక వరుసలోని ఒక స్త్రీ లేచి, “ముందు మా వాడకు మంచినీళ్ల కొళాయి వేయించండి, తూము సంగతి తరువాత చూడండి” అన్నది. మైకు ఆమెకు దూరము. పైన పంకా చప్పుడు. ముసాయిదాలో ‘సభ ఏకగ్రీవముగా ఆమోదించినది’ అని వచ్చినది. దానిపై సంతకము పడినచో ఆ వాడవారి అభ్యంతరము కాగితముమీద లేనే లేదు. రేపు పై అధికారి చూచునది ఆ కాగితమునే గదా! అటులనే ‘పదిహేను’ ‘పదిహేడు’ కావచ్చును. పింఛను కోరిన ఇద్దరు లక్ష్మమ్మలు ఇంటిపేర్లు జారిపోయి ఒక్కరే కావచ్చును.

కావున రికార్డు చేయుచున్న సంగతిని సభారంభముననే ప్రకటింపవలెను. మాట్లాడువారిని మైకు వద్దకు పిలిచి, ఇంటిపేరుతో సహా పేరు చెప్పుమని కోరవలెను. ముఖ్యాంశములను ఒకరు చేతితో వ్రాసికొనుట మానరాదు. తీర్మానములను సభ చెదరక మునుపే బిగ్గరగా చదివి వినిపింపవలెను. పిదప ముసాయిదాను ఆ చేతివ్రాతతో సరిపోల్చవలెను. ‘మిషను అట్లు వ్రాసినది’ అను జవాబు చెల్లదు. సంతకము చేసినది మిషను కాదు.

అయితే పేరుకు మాత్రము ఒక మనిషిని నిలిపినంతమాత్రమున చాలదు. నెదర్లాండ్స్ దేశమున పిల్లల సంరక్షణకై కుటుంబములకు సహాయము నిచ్చు పన్నుల శాఖ, 2013 నుండి, అనుమానింపదగిన దరఖాస్తులను తనంతట నేర్చుకొని ఎంచు కంప్యూటరు పద్ధతిని వాడినది. ఆ దేశపు పౌరులు కాకపోవుట కూడ అనుమానమును పెంచు లక్షణముగా లెక్కింపబడినది. ఎంచిన దరఖాస్తు ఉద్యోగి బల్లమీదికి వచ్చెడిదే; కాని దానిని యంత్రము ఎందుకు ఎంచినదో అతనికి తెలియదు. వేలాది తల్లిదండ్రులు మోసగాండ్రుగా ముద్రపడి, పుచ్చుకొన్న సొమ్మంతయు తిరిగి చెల్లింపవలసి వచ్చి, అప్పులపాలైరి. దోషము యంత్రమొక్కదానిదే కాదు, నిబంధనలును మిక్కిలి కఠినములు. తుదకు 2021 జనవరిలో ఆ దేశ మంత్రివర్గము రాజీనామా చేసినది.

మరియొక సంగతి. ఫోనులలో ఉచితముగా లభించు చాట్ జీపీటీ వంటి సేవలు సభాసార్ వలె ప్రభుత్వము సమకూర్చినవి కావు. కార్యాలయ రహస్యములకు భంగము కలుగునని 2025 జనవరిలో కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖ వీనిని కార్యాలయ కంప్యూటర్లలో వాడవద్దని తన ఉద్యోగులకు తెలిపినది. లబ్ధిదారుల ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతాలు, రోగ వివరములు మనయొద్ద నమ్మి ఉంచినవి. వానిని ఇట్టి సేవలలో చేర్చరాదు. ఉత్తరపు నమూనా మాత్రమే కావలసినచో, పేర్లు, సంఖ్యలు ఖాళీగా వదలి వ్రాయించుకొని, పిదప కార్యాలయములో చేతితో నింపుకొనవచ్చును.