బాప్తిస్మం తర్వాత ఏం కనబడాలి?

ప్రశ్న: శ్రీరాంపూర్‌లో బొగ్గు బాయి పని చేస్తాను. పోయిన నెల బాప్తిస్మం తీసుకున్నాను. మెడలో సిలువ వేసుకోవాలా? పేరు మార్చుకోవాలా? జనానికి ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకుడు

జవాబు: రెండూ మీ ఇష్టం, తప్పనిసరి కాదు. నీళ్లలో మునగడం క్రీస్తుతో చనిపోవడమని, పైకి లేవడం ఆయనతో కొత్తగా బతకడమని పౌలు రోమా పత్రిక 6వ అధ్యాయంలో వివరించాడు. ఆ కొత్త బతుకే జనం కంట పడాలి.

1912లో దోర్నకల్ బిషప్ అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య, బాప్తిస్మం పొందినవాళ్ల చేత తమ తలపై చెయ్యి పెట్టించి, ‘సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ’ అని పలికించేవారు. అక్షరం రాని కూలీలు కూడా ఆ మాట పలికారు. బాప్తిస్మం అనగానే నాకైతే ఆ తడి తల మీది చెయ్యే గుర్తుకొస్తుంది.

మీ విషయానికొస్తే, జీతం పడిన రోజు నేరుగా ఇంటికి పోండి. చేబదులు తీసుకున్నది అడగకముందే ఇచ్చేయండి. షిఫ్టులో గొడవపడిన మనిషితో మీరే ముందు మాట్లాడండి. కులం చూడకుండా పక్కన కూర్చుని టిఫిన్ డబ్బా విప్పండి. సంఘంలోనూ ఇది ఇంకా కష్టంగానే ఉంది, అందుకే గట్టిగా చెబుతున్నాను. బతుకమ్మకు అక్క పిలిస్తే కోపంగా మొహం తిప్పుకోకండి. పూజలో కలవలేనని నెమ్మదిగా చెప్పి, ఆమె పిల్లలను కాసేపు ఎత్తుకుని రండి.