కంప్యూటరు చిట్టాను చదువుట ఎట్లు?

పూర్వము లెక్కలు వ్రాయువారు రెండు పుస్తకముల నుంచెడివారు. నాటి జమాఖర్చులను జరిగిన వరుసలో వ్రాయునది చిట్టా. వానిని పద్దులవారీగా ఎక్కించునది ఆవర్జా. ఆవర్జాలో సంశయము కలిగినచో చిట్టా తీసి చూచెడివారు. కంప్యూటరులోని డేటాబేస్‌కును ఇట్టి ఏర్పాటే కలదు. ప్రతి మార్పును ముందుగా చిట్టాలో భద్రపరచిన పిమ్మటనే డిస్కుపైనున్న పట్టికలలో ఎక్కించును. నడుమ విద్యుచ్ఛక్తి పోయినను, తిరిగి వచ్చినంతనే చిట్టాను చూచి, పూర్తియైన లావాదేవీలను నిలుపును, అసంపూర్ణములను రద్దుచేయును.

ఒక రైతు ఇంటిపన్ను చెల్లించి రసీదు పొందెననుకొందము. కంప్యూటరులో ఆ పద్దు కానరాదు. అతడు మరల చెల్లించవలెనా? పద్దు వ్రాయనేలేదా, వ్రాసి తుడిచిరా? ఆ లెక్క మైక్రోసాఫ్ట్ వారి ఎస్‌క్యుఎల్ సర్వరులో ఉన్నచో, నిపుణుడు ‘ఎఫ్ఎన్ డీబీలాగ్’ అను సాధనముతో చిట్టాను తెరచి చూపగలడు. అందు ప్రతి పంక్తికిని వరుస సంఖ్య, లావాదేవీ గుర్తు, చేసిన పని ఉండును.

మొదట ‘డిలీట్’ పంక్తిని వెదకవలెను. తుడిచిన పద్దు అందు సంకేతములలో ఉండును గాన నిపుణుడే విప్పి చెప్పవలెను. పిదప అదే లావాదేవీ గుర్తుగల ‘బిగిన్’ పంక్తిని చూచినచో, ప్రారంభ సమయము, చేసినవారి ఖాతా గుర్తు తెలియును. తుదకు ‘కమిట్’ అని ఉన్నచో తొలగింపు ఖాయమైనది; ‘అబార్ట్’ అని ఉన్నచో రద్దయినది. ఈ తుది పంక్తిని చూడక ఎవ్వరిపైనను నింద మోపరాదు. ఆనాటి చిట్టా పూర్తిగా నిలిచియుండియు ‘ఇన్సర్ట్’ పంక్తియే లేనిచో, పద్దు అసలు వ్రాయబడలేదనుట స్పష్టము.

చిట్టా ఖాతాను చూపునే గాని చేతిని చూపదు. ఒకే పాస్‌వర్డును పలువురు వాడు చోట దోషి తేలడు. మరియు చిట్టా శాశ్వతము కాదు. ‘సింపుల్’ పద్ధతిలో పాత పంక్తుల చోటు త్వరలోనే తిరిగి వాడబడును. ‘ఫుల్’ పద్ధతిలో చిట్టాకు నకలు తీయువరకు నిలుచును. డేటాబేస్ పూర్తి నకలును, పిదప తీసిన చిట్టా నకళ్లును వరుస తప్పక ఉన్నచో, తొలగింపునకు ముందటి లెక్కను వేరుగా పునరుద్ధరించి చూడవచ్చును.

కావున సభ్యులు ఈ మూడు ప్రశ్నలు అడుగవలెను: మన లెక్కలకు ఏ పద్ధతి అమలులో నున్నది? నకళ్లు ఎప్పుడెప్పుడు తీయుచున్నారు? ప్రతి ఉద్యోగికిని వేరు ఖాతా కలదా? రసీదు చేతబట్టుకొని వచ్చిన రైతునకు న్యాయము వీని సమాధానములపై ఆధారపడియుండును.